6జి ప్రాజెక్టు: మన కొండల వాన మీద చేయొచ్చా?

వంశధార_ఈసీఈ · జూన్ 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను గుణుపూర్‌లో ఈసీఈ చదువుతున్నాను. జూలై నుంచి ఫైనల్ ఇయర్. మా ఊరు కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్. ఈ విషయం తెలుగులో అడిగితేనే నాకు తేటగా అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ప్రాజెక్టు ముగ్గురం కలిసి చేస్తాం. మా వాళ్లిద్దరూ 6జి టెరాహెర్ట్జ్ చానెల్ సిమ్యులేషన్, అంటే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న రేడియో అలలు ఎలా ప్రయాణిస్తాయో కంప్యూటర్లో లెక్కగట్టడం, చేద్దామంటున్నారు. లాప్‌టాప్‌లో నాలుగు గ్రాఫులు గీస్తే మార్కులు వస్తాయి, నిజమే. నాకే మనసు ఒప్పడం లేదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. నాన్న సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నారు. మా వైపు నాలుగు రోజులు ఏ ఫోనూ మోగలేదు. గజపతి జిల్లాలో కొండ విరిగిపడి జనం పోయారని అక్కడ టీవీలో చూసి, మేం ఉన్నామో లేదో తెలియక, నాన్న జీతం కూడా తీసుకోకుండా రైలెక్కారు. గుమ్మంలో మమ్మల్ని చూసి అలాగే కూలబడిపోయారు. వైర్‌లెస్ చదవాలని నాకు ఆ రోజే అనిపించింది.

అందుకే అడుగుతున్నాను. 6జి అనే దాంట్లో మనలాంటి చోటికి పనికొచ్చే భాగం ఏది? దాని మీద చిన్న కాలేజీలో, మూడు నాలుగు వేల ఖర్చుతో ఏమైనా చేయగలమా?

రాయగడ_టవర్‌పని · జూన్ 11, రాత్రి 10:30

తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా టవర్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ముందు మన దగ్గర ఫోన్ ఎందుకు పోతుందో చెబుతాను, ప్రాజెక్టు సంగతి తర్వాత చూద్దాం.

తుపానులో టవర్ కూలడం తక్కువ. మొదట పోయేది కరెంటు. బ్యాటరీ బ్యాంక్ కొన్ని గంటలు లాగుతుంది. ఆ తర్వాత జనరేటర్ నడవాలి. దారిలో చెట్లు పడితే డీజిల్ ఎక్కదు. నేనే రెండు సార్లు డీజిల్ డబ్బాలు భుజాన వేసుకుని కొండెక్కాను.

రెండోది లింకు. మన కొండ సైట్లకు చాలా చోట్ల ఫైబర్ రాలేదు. ఒక టవర్ మీది డిష్ నుంచి ఇంకో టవర్ డిష్‌కి మైక్రోవేవ్‌లో వెళ్తుంది. దాన్ని మేం హాప్ అంటాం. ఒక హాప్ వెనక నాలుగైదు సైట్లు వేలాడుతుంటాయి. గాలికి డిష్ ఒకటి రెండు డిగ్రీలు తిరిగిందంటే అన్నీ ఒకేసారి డౌన్. వాన గట్టిగా కొట్టినా అంతే, లింకులో సిగ్నల్ పడిపోతుంది. టవర్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫోన్‌లో గీతలు కూడా కనబడతాయి, కాల్ మాత్రం వెళ్లదు. జనం వచ్చి మమ్మల్ని తిడతారు. వాళ్ల బాధ వాళ్లది.

సిరోంచ_కిరాణం · జూన్ 11, రాత్రి 11:05

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరోంచ. ప్రాణహిత దాటితే కాళేశ్వరం. మా దుకాణంలో కూర్చుంటే ఫోన్ ఒక్కోసారి ఇవతలి టవర్ పట్టుకుంటది, ఒక్కోసారి అవతలి ఒడ్డుది. ఒకప్పుడు ఊళ్లో కూర్చునే రోమింగ్ చార్జీలు కట్టినం. ఇప్పుడు ఆ గోల లేదు గాని కొత్తది ఇంకోటి ఉంది. గోదారి పొంగినప్పుడు ప్రభుత్వం ఫోన్లకు పంపే హెచ్చరిక ఏ టవర్ మీద ఉంటే ఆ టవర్ నుంచి వస్తది. పోయినేడు దుకాణంలో నలుగురం ఉంటే ఇద్దరికి వచ్చింది, ఇద్దరికి రాలేదు. నది ఒకటే, నీళ్లు ఒకటే.

నాకు చదువు తక్కువ. సినిమా ఒక్క సెకనులో దిగుతదని 6జి గురించి యూట్యూబ్‌లో చెబుతున్నరు. మాకు కావలసింది అదేనా? తమ్మి అడిగిన మాట మంచిది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జయపురం_స్కాలర్ · జూన్ 12, ఉదయం 7:15

నేను జయపురం అమ్మాయిని. హైదరాబాద్‌లో వైర్‌లెస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిరోంచ అన్నగారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను.

6జి కి ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ పెట్టిన పేరు ఐఎంటీ-2030. అది ఏమేం చేయాలో చెప్పే ఫ్రేమ్‌వర్క్ 2023 నవంబర్‌లో ఆమోదం పొందింది. అందులో ఆరు రకాల వాడకాలు రాశారు. మూడు 5జి లో ఉన్నవాటికి కొనసాగింపు: ఎక్కువ వేగం, నమ్మకంగా వెంటనే అందడం, లక్షల పరికరాలను కలపడం. కొత్తగా చేరినవి మూడు. ఒకటి కృత్రిమ మేధతో కలిసిన నెట్‌వర్క్. ఇంకోటి సెన్సింగ్, అంటే మాట మోసే తరంగంతోనే చుట్టూ ఏముందో కనిపెట్టడం. మూడోది అందరికీ, అన్ని చోట్లా కనెక్షన్. యూట్యూబ్‌లో ఎక్కువగా వినబడేది మొదటి దాని గురించే. మన జిల్లాలకు సంబంధించినవి చివరి రెండూ.

ఇంకా 6జి అనేది తయారైన సరుకు కాదు. 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ తన ప్రమాణాలను రిలీజ్ అనే విడతలుగా తెస్తుంది; రిలీజ్ 20లో దాని మీద అధ్యయనాలు పెట్టుకుంది. అసలు నిబంధనలు రాసేది రిలీజ్ 21లో. సేవలు 2030 ప్రాంతంలో మొదలవుతాయని అంచనా. మన దేశం 2023 మార్చిలో భారత్ 6జి విజన్ పత్రం విడుదల చేసింది, జూలైలో భారత్ 6జి అలయెన్స్ ఏర్పడింది. రాత ఇంకా పూర్తి కాలేదు కాబట్టి మన అవసరం చెప్పుకోవడానికి సమయం ఉంది.

పర్లాకిమిడి_మాస్టారు · జూన్ 12, ఉదయం 8:50

బాబూ, నేను ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. టెరాహెర్ట్జ్ మన కొండలకు ఎందుకు పనికిరాదో లెక్కతో చూపిస్తాను.

యాంటెన్నాలు ఏ ఫ్రీక్వెన్సీకైనా ఒకే రకంవి అనుకుంటే, ఫ్రీక్వెన్సీ ఎన్ని రెట్లు పెరిగితే అందే శక్తి దాని వర్గమంత తగ్గుతుంది. 700 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే ఐదు రెట్లు, అంటే శక్తి ఇరవై అయిదో వంతు. 140 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే, అంటే టెరాహెర్ట్జ్ అంచుకు, 200 రెట్లు. వర్గం చేస్తే 40,000. అదే దూరంలో నలభై వేలో వంతు శక్తి అందుతుంది. దానికి తోడు ఆకు అడ్డొచ్చినా, గోడ అడ్డొచ్చినా అంతే సంగతి. మన చింతచెట్లు, జీడిమామిడి తోటలు దాటి అది ఎక్కడికి వెళ్తుంది?

అయితే ఫ్రీక్వెన్సీ పెరిగి అల పొడవు తరిగేకొద్దీ యాంటెన్నా కూడా చిన్నదవుతుంది. అరచేతిలో వందల యాంటెన్నాలు పెట్టి కిరణాన్ని టార్చి లైటులా ఒకవైపే గురిపెట్టవచ్చు. పోయిన శక్తిని చాలావరకు అలా రాబట్టుకుంటారు. స్టేడియంలో, ఫ్యాక్టరీలో, గదిలో అది బాగానే పని చేస్తుంది. పది ఇళ్లున్న గూడేనికి టార్చి గురిపెడుతూ కూర్చోలేం.

చెప్పకుండా ఉండలేను: 5 మిల్లీమీటర్ల అలలతో 1890లలోనే జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో ప్రయోగాలు చేశారు. ఇప్పుడు మిల్లీమీటర్ వేవ్ అని కొత్తగా చెబుతున్నది ఆ అలనే.

జయపురం_స్కాలర్ · జూన్ 12, ఉదయం 9:30

మాస్టారు చెప్పినది సరైన లెక్క. ఒక్క మాట కలుపుతాను. 6జి అంటే టెరాహెర్ట్జ్ ఒక్కటే అనే అభిప్రాయం నాలుగైదేళ్ల కిందటిది. ఇప్పుడు పరిశ్రమ ఎక్కువగా చూస్తున్నది 7 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. 2027లో జరిగే ప్రపంచ రేడియో సదస్సుకు 7.125 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని (బ్యాండును) కూడా అధ్యయనానికి పెట్టారు. 3.5తో పోలిస్తే అక్కడ నష్టం నాలుగు రెట్లు. ఎక్కువ యాంటెన్నాలతో పాత టవర్ల మీద నుంచే దాన్ని పూడ్చవచ్చని వాళ్ల ఆశ. పట్నంలో అది కుదరవచ్చు. పల్లెకు మాత్రం 700 మెగాహెర్ట్జ్ లాంటి కింది పట్టీలే దిక్కు. 6జి ఆ కింది పట్టీల్లో ఎంత బాగా పని చేస్తుంది అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

మోటు_మందులషాపు · జూన్ 12, మధ్యాహ్నం 1:20

శబరి, సీలేరు కలిసే చోట మా ఊరు. మల్కన్‌గిరి జిల్లా. వానాకాలంలో సగం రోజులు సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం నుంచి నేరుగా ఫోన్‌కే వస్తుందంటున్నారు కదా, మాకు అది చాలదా?

జయపురం_స్కాలర్ · జూన్ 12, సాయంత్రం 6:10

మోటు అన్నయ్యా, అది నిజంగానే మీలాంటి ఊళ్లకు పనికొచ్చేది. 2022లో ముగిసిన రిలీజ్ 17లోనే ఉపగ్రహాలు 5జి ప్రమాణంలోకి వచ్చాయి. 6జి లో వాటిని మొదటి నుంచే కలిపి గీయాలని చూస్తున్నారు. టీవీ ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకనుకు పైనే పడుతుంది. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేవాటితో ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది.

అయితే జేబులోని ఫోన్‌కి అంత దూరం నుంచి వచ్చేది చాలా బలహీనమైన సిగ్నల్. ఆకాశం కనబడే చోట నిలబడాలి. ఒక్క ఉపగ్రహం పరిధిలో ఉన్న వేల మంది ఆ కాస్త సామర్థ్యాన్నే పంచుకోవాలి. ఆపదలో సందేశం పంపడానికి, ఒక కాల్ చేయడానికి అది ప్రాణం నిలబెడుతుంది. బడి పిల్లల పాఠాలకు మాత్రం టవరూ ఫైబరూ కావాల్సిందే. ఉపగ్రహం వస్తోంది కదా అని టవర్ మంజూరు ఆపితే మీరు ఒప్పుకోకండి.

బరంపురం_పాతఎక్స్ఛేంజి · జూన్ 12, రాత్రి 8:40

పిల్లలూ, నేను టెలిఫోన్ శాఖలో పని చేసి రిటైరైనదాన్ని. 1999 అక్టోబర్ పెను తుపానప్పుడు డ్యూటీలో ఉన్నాను. కోస్తాలో లైన్లన్నీ తెగిపోతే సొంత రేడియో సెట్లతో మాట్లాడే హామ్ రేడియో వాళ్లు సందేశాలు మోశారు. ఆ రాత్రులు నేను మరచిపోలేదు.

వంశధార బాబు అడిగినదానికి నా దగ్గర ఒక జవాబు ఉంది. పల్లె అవసరం ప్రపంచ ప్రమాణంలోకి ఎక్కిన సందర్భం ఒకటి మనకే ఉంది. 5జి ని పరీక్షించే కొలతలు ఐటీయూలో రాస్తున్నప్పుడు పల్లె అంటే టవర్‌కీ టవర్‌కీ మధ్య 1,732 మీటర్ల దూరం అని పెట్టారు. మన పల్లెల్లో రెండు కిలోమీటర్లకొక టవర్ ఎవరు వేస్తారు? మన దేశపు ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ పట్టుబట్టి, మనుషులు నెమ్మదిగా కదిలే పెద్ద సెల్ (ఒక టవర్ పరిధి) అనే కొలతను చేర్పించింది. అందులో టవర్ల మధ్య దూరం 6 కిలోమీటర్లు. దాన్ని అందుకునే పద్ధతుల మీద ఐఐటీ మద్రాసు వాళ్లు, ఐఐటీ హైదరాబాద్ వాళ్లు పని చేశారు. దాన్ని 5జీఐ అన్నారు. తర్వాత అది రిలీజ్ 17లో ప్రధాన 5జి ప్రమాణంలోనే కలిసిపోయింది.

అది జరగడానికి కారణం, మన ఊళ్లు ఎంత దూరంగా ఉంటాయో ఎవరో కొలిచి చూపించడం. ప్రమాణాల బల్ల మీద అంకెలు పెట్టినవాడి మాటే నిలుస్తుంది. ఇప్పుడు 6జి కి కూడా మన కొండల అంకెలు, మన వానల అంకెలు ఎవరో ఒకరు పెట్టాలి కదా?

సిరోంచ_కిరాణం · జూన్ 12, రాత్రి 9:15

అమ్మా, ఆరు కిలోమీటర్ల సంగతి నాకు ఇయ్యాలనే తెలిసింది. చాలా సంతోషం. ఇంకోటి కూడా అందరూ గుర్తు పెట్టుకోవాలె. 2021 నవంబర్‌లో కేంద్రం ఐదు రాష్ట్రాల్లో 44 ఆకాంక్షిత (వెనకబడిన) జిల్లాల్లోని 7,287 ఊళ్లకు 4జి ఇవ్వడానికి మంజూరు చేసింది. ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్ర మూడూ ఆ ఐదింట్ల ఉన్నయి. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో పంచాయతీలో అడగండి. 6జి గురించి మాట్లాడుకుంటూ దీన్ని వదిలేయొద్దు.

బరంపురం_పాతఎక్స్ఛేంజి · జూన్ 12, రాత్రి 9:40

నిజం బాబూ. 2025 సెప్టెంబర్ 27న మన ఝార్సుగూడలోనే బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జి ని ప్రధాని ప్రారంభించారు. నెట్‌వర్క్ నడిపే కోర్ సీ-డాట్‌ది, టవర్ రేడియో తేజస్‌ది, కూర్పు టీసీఎస్‌ది, అన్నీ మన దేశపువే. నేను చేరిన రోజుల్లో ప్రతి పెద్ద యంత్రం మీదా విదేశీ పేరే ఉండేది. ఆ వార్త చూసి కళ్లు చెమర్చాయి.

వంశధార_ఈసీఈ · జూన్ 13, రాత్రి 10:05

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రాత్రంతా ఇదే ఆలోచించాను. రాయగడ అన్నయ్యా, వానకు లింకు సిగ్నల్ పడిపోతుందన్నారు కదా. ఎంత వానకు ఎంత పడుతుందో తెలిస్తే, సిగ్నల్ చూసి వాన ఎంత పడుతోందో చెప్పలేమా? స్కాలర్ అక్కయ్య చెప్పిన సెన్సింగ్ అదే కదా?

జయపురం_స్కాలర్ · జూన్ 13, రాత్రి 10:50

అదే తమ్ముడూ! నువ్వు స్వయంగా అక్కడికి చేరావు, చాలా బాగుంది.

మొబైల్ టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకుల నష్టం నుంచి వాన లెక్కించే పరిశోధన 2006 నుంచీ నడుస్తోంది. దాని వెనకున్న భౌతికశాస్త్రం ఇది. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. అల పొడవు దాని దరిదాపుల్లోకి వచ్చేకొద్దీ చినుకు ఎక్కువ శక్తిని మింగుతుంది, చెదరగొడుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల జోరు వానలో, ఐటీయూ సూత్రం ప్రకారం, 12 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు సుమారు రెండున్నర డెసిబెల్ పోతుంది (డెసిబెల్ అంటే సిగ్నల్ తగ్గుదల కొలత; పది పోతే పదో వంతు శక్తి మిగులుతుంది). 26 దగ్గర ఎనిమిది. 140 దగ్గర ఇరవైకి దగ్గర, అంటే ఒక్క కిలోమీటరులో వందో వంతు మిగులుతుంది.

రాయగడలో 2017 జూలైలో ఒక్కసారిగా వరద వచ్చి రైలు వంతెనలు కొట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎగువ కొండల్లో వర్షమాపకాలు చాలా పలుచగా ఉన్నాయి. టవర్లు మాత్రం ఉన్నాయి. ప్రతి హాప్ ఒక వర్షమాపకం అయితే నాగావళికి, వంశధారకు ఎగువన పడే వాన కింది వాళ్లకు ముందే తెలుస్తుంది.

రాయగడ_టవర్‌పని · జూన్ 14, ఉదయం 6:30

మంచి ఆలోచన, కానీ హాప్ రీడింగులు నేను ఇవ్వలేను తమ్ముడూ. అవి కంపెనీవి. ఆ స్క్రీన్ ఫొటో తీసి పంపినా నా ఉద్యోగం పోతుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి అడిగితే ఎప్పటికైనా ఇస్తారేమో. నీ ప్రాజెక్టు గడువులో మాత్రం ఆశ పెట్టుకోకు.

పర్లాకిమిడి_మాస్టారు · జూన్ 14, ఉదయం 7:45

ఇంటింటికీ టీవీ డిష్ ఉంది కదా బాబూ! జోరు వానలో టీవీ ఆగిపోవడం పిల్లలకు కూడా తెలుసు. డీడీ ఫ్రీ డిష్ జీశాట్-15 నుంచి వస్తుంది, 93.5 డిగ్రీల తూర్పున. మన దగ్గర నుంచి డిష్ దక్షిణానికి కాస్త తూర్పుగా, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది. వాన మేఘం అయిదు కిలోమీటర్ల ఎత్తు వరకు ఉందనుకుంటే అల దాదాపు అయిదున్నర కిలోమీటర్లు వానలో ప్రయాణిస్తుంది. అంత పొడవు వర్షమాపకం నీ ఇంటి మీదే ఉంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జయపురం_స్కాలర్ · జూన్ 14, ఉదయం 8:20

మాస్టారూ, అద్భుతం. తమ్ముడూ, ఒక జాగ్రత్త. సెట్‌టాప్ బాక్స్ చూపించే శాతాన్ని నమ్మకు, అది డెసిబెల్ కాదు, బాక్సుకొక రకంగా ఉంటుంది. డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్ (డిష్ సిగ్నల్‌ను లాప్‌టాప్‌కి ఇచ్చే చిన్న పరికరం) పాతది దొరికితే లాప్‌టాప్‌లోకి సిగ్నల్‌కీ, దానిలో కలిసే రొదకీ (నాయిజ్) ఉన్న నిష్పత్తి డెసిబెల్‌లో సెకను సెకనుకూ రాసుకోవచ్చు. పక్కనే వాన కొలిచే డబ్బా. ముందు పది రోజులు ఎండలో కూడా కొలవాలి, లేకపోతే ఎంత తగ్గిందో తెలియదు.

వంశధార_ఈసీఈ · జూలై 9, రాత్రి 11:10

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. ట్యూనర్ బరంపురంలో పాత సామాన్ల కొట్లో దొరికింది. మా గైడ్ సార్ మొదట ఒప్పుకోలేదు. టీవీ డిష్‌కీ 6జి కీ సంబంధం ఏమిటి అన్నారు. అక్కయ్య చెప్పిన ఆరు వాడకాల పట్టిక చూపించి, సెన్సింగ్ దగ్గర వేలు పెట్టాను. మాస్టారి 40,000 లెక్క కూడా బోర్డు మీద వేశాను. సార్ చాలాసేపు చూసి సంతకం పెట్టారు. మా వాళ్లిద్దరూ టెరాహెర్ట్జ్ వదిలి నాతో వచ్చేశారు.

నిన్న సాయంత్రం మొదటి పెద్ద వాన. నలభై నిమిషాలు కురిసింది. సిగ్నల్ ఆరు డెసిబెల్‌లు పడి, టీవీ రెండు సార్లు ఆగింది. ఒక వింత కనబడింది. వాన డబ్బాలో మొదటి చినుకు పడటానికి మూడు నిమిషాల ముందే సిగ్నల్ తగ్గడం మొదలైంది! వాన మా ఇంటికి రాకముందే దక్షిణం వైపు ఆకాశంలో అల దానిలోంచి వస్తున్నట్టుంది. వాన ఆగాక మాత్రం ఇరవై నిమిషాల వరకు సిగ్నల్ పూర్తిగా లేవలేదు. అది ఎందుకో అర్థం కాలేదు.

రాయగడ_టవర్‌పని · జూలై 10, ఉదయం 6:15

అది నాకు తెలుసు తమ్ముడూ. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ మూత మీద, డిష్ మీద నీటి పొర నిలిచి ఉంటుంది. వాన ఆగినా అది ఆరేదాకా సిగ్నల్‌ను మింగుతూనే ఉంటుంది. మా హాప్‌లలోనూ ఇదే. ఎండ రోజున ఒక చెంబు నీళ్లు ఆ మూత మీద చల్లి ఎంత పడుతుందో, ఎన్ని నిమిషాల్లో లేస్తుందో రాసుకో. వాన లెక్కలోంచి అది తీసేయాలి. లేదంటే వాన ఎక్కువ పడినట్టు చూపిస్తుంది.

జయపురం_స్కాలర్ · జూలై 10, ఉదయం 7:00

అన్నయ్య చెప్పింది వ్యాసాల్లో పెద్ద అధ్యాయం. దీని మీద ప్రపంచమంతా తలలు పట్టుకుంటోంది. చెంబు నీళ్ల ప్రయోగం తప్పకుండా చెయ్యి, రిపోర్టులో రాయి. ఒక్క ఇంటి కొలతతో సరిపెట్టకు. ఇంకో చోట కూడా డిష్ ఉంటే పోల్చవచ్చు.

సిరోంచ_కిరాణం · జూలై 10, ఉదయం 9:40

తమ్మీ, మా మిద్దె మీద డిష్ ఉంది. నా బిడ్డ పదో తరగతి, మరాఠీ మీడియం, లెక్కలు బాగా చేస్తది. మీకున్నట్టు ట్యూనర్ లేదు గాని వాన కొలుస్తం, టీవీ ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది గడియారం చూసి రాస్తం. పనికొస్తదా? వాన డబ్బా ఎట్ల చేయాలె?

వంశధార_ఈసీఈ · జూలై 10, మధ్యాహ్నం 12:30

తప్పకుండా పనికొస్తుంది అన్నా! అడుగు నుంచి మూతి వరకు ఒకే వెడల్పు ఉన్న డబ్బా తీసుకోండి, నడుం సన్నగా ఉన్న సీసా వద్దు. లోపల స్కేలు అంటించండి. డబ్బాలో నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లు లేస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. చెట్టు కింద, చూరు కింద పెట్టకండి. అయిదు నిమిషాలకొకసారి చూడమని చెల్లికి చెప్పండి. ఫోన్ గడియారమే వాడండి, రెండు ఊళ్ల సమయం ఒకటిగా ఉంటుంది. కాగితం మీద రాసి వాన ఆగాక ఫొటో పంపితే చాలు, సిగ్నల్ ఉన్నప్పుడే పంపండి.

ఈ రోజు మబ్బు లేదు. సాయంత్రం చెంబు నీళ్లు చల్లి చూస్తాను.